నెల్లూరు చెట్లకు నెల్లూరు క్యాలెండరు
(నగరంలో చెట్ల పెంపకం, సంరక్షణ అనే అంశంపై నెల్లూరులో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఈ ఉక్కపోతలోనూ ఓపికగా వచ్చి కూర్చున్న నగరవాసులకు నమస్కారం. నాకు ఇచ్చిన అంశంలో పెంపకం, సంరక్షణ అని రెండు భాగాలున్నాయి. మొదటిదాని గురించి మనకు ఏటా ఫొటోలతో సహా వార్తలు వస్తూనే ఉన్నాయి గనుక నేను ఎక్కువగా రెండోదాని గురించే మాట్లాడతాను. నేను చెప్పదలచినది క్లుప్తంగా ఇది: ఈ ఊళ్లో మొక్క ఎప్పుడు నాటాలన్నది మన వాన నిర్ణయించాలి, ఎన్ని నాటాలన్నది మన నీటి ట్యాంకరు నిర్ణయించాలి. ప్రస్తుతం ఈ రెండింటినీ పైనుంచి వచ్చే సర్క్యులరు నిర్ణయిస్తోంది.

ముందు వాన సంగతి చూద్దాం. 1950లో అప్పటి కేంద్ర ఆహార, వ్యవసాయ శాఖ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవాన్ని ప్రారంభించారు. అప్పటి నుంచి దేశమంతా జూలై మొదటి వారంలో మొక్కలు నాటడం ఆనవాయితీ అయింది. నైరుతి రుతుపవనాల మీద ఆధారపడిన ప్రాంతాలకు అది సరైన ముహూర్తమే. జూన్‌లో నేల తడుస్తుంది, జూలైలో నాటితే సెప్టెంబరు దాకా మొక్కకు వానే నీళ్లు పోస్తుంది. నెల్లూరు పరిస్థితి అది కాదు. మన జిల్లాకు ఏడాదిలో పడే వానలో సగానికి మించి అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలతో పడుతుంది. జూలైలో మనకు దక్కేవి సాయంత్రం పూట దుమ్ము రేపి, నాలుగు చినుకులు రాల్చి వెళ్లే మబ్బులు. రోహిణి కార్తె వెళ్లి నెల దాటినా పడమటి గాలి వేడి తగ్గదు. ఆ గాలిలో, ఆ ఎండలో, నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చి డివైడరు మధ్య నిలబెట్టి, బ్యానరు కట్టి, ఫొటో తీసుకుని వచ్చేస్తున్నాం.

పెన్నా డెల్టా రైతును ఎవరైనా జూలైలో వరి నాటమని అడిగితే నవ్వుతాడు. మన ప్రధాన పంటకు నార్లు పోసేది వానలు మొదలయ్యాకనే. మొలగొలుకులనే పాత వరి రకం కాలం నుంచి ఇక్కడి సేద్యమంతా ఈశాన్యపు వానను, చెరువు నిండటాన్ని చూసుకునే నడిచింది. రైతు తరతరాలుగా పాటిస్తున్న ఈ లెక్క నగర పాలనలోకి ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పక్కనున్న ఉమ్మడి ప్రకాశం జిల్లాలో లెక్క ఇంకొంచెం వేరు. అక్కడ నైరుతి, ఈశాన్య వానలు దాదాపు సరిసమానంగా పంచుకుంటాయి, అందులోనూ గిద్దలూరు వైపు నైరుతి పాలు ఎక్కువ, తీరం వైపు ఈశాన్యం పాలు ఎక్కువ. కనుక ఒంగోలుకు పనికొచ్చే తేదీ గిద్దలూరుకు పనికిరాకపోవచ్చు. రాష్ట్రమంతటికీ ఒకే వారం పెట్టడం కార్యాలయానికి సౌకర్యమే కావచ్చు కాని, మొక్కకు దానితో నిమిత్తం లేదు.

జూలైలో వనమహోత్సవం మానేయమని నేను అనడం లేదు. ఆ వారాన్ని గుంతలకు, మట్టికి, పాత మొక్కల బాగోగులకు వాడుకోవచ్చు. మే నెలలో మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతున గుంత తీసి ఎండకు వదిలేస్తే పురుగులూ తెగుళ్లూ కొంతవరకు చస్తాయి. ఆగస్టు, సెప్టెంబరులో పైమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, చెదలు రాకుండా కొంత వేపపిండి కలిపి గుంత నింపి పెట్టుకోవచ్చు. చిత్త, స్వాతి కార్తెల్లో, అంటే అక్టోబరులో, నేల రెండడుగుల లోతుకు తడిసే మంచి వాన ఒకటి పడగానే నాటితే, ఫిబ్రవరి దాకా ఆ మొక్కకు మనం పోయవలసిన నీరు చాలా తక్కువ. వేసవి వచ్చేసరికి దాని వేరు గుంత దాటి పక్క నేలలోకి వెళ్లి ఉంటుంది. జూలైలో నాటిన మొక్క అదే కాలంలో బతకడానికే పెనుగులాడి, ఆకు రాల్చి, ఈశాన్యం వచ్చే నాటికి సగం చచ్చి ఉంటుంది.

తుఫాను నెలల్లో నాటితే గాలికి పడిపోవా అని ఇంజనీర్లు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆరడుగుల మొక్కకు గాలిని పట్టే గుబురు ఉండదు. గట్టి ఊతకర్ర ఒకటి పాతి, కొబ్బరి తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కడితే మామూలు గాలివానకు తట్టుకుంటుంది. అసలు భయపడవలసింది నీటి ముంపుకు. మన నగరంలో కొత్త లేఅవుట్లు చాలామటుకు ఒకప్పటి వరి మళ్లు. పైన గ్రావెల్ తోలి చదును చేసినా అడుగున బంకమట్టి అలాగే ఉంటుంది. అక్కడ తవ్విన గుంత వాన రోజుల్లో తొట్టిలా నిండి, వేరుకు గాలి ఆడక కుళ్లిపోతుంది. అలాంటిచోట గుంతలో నాటకుండా అడుగున్నర ఎత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలి. పెన్నా ఒడ్డు వైపు ఇసుక నేలల్లో ఇందుకు సరిగ్గా తలకిందులు. అక్కడ నీరు నిలవదు కనుక పాదు లోతుగా, వెడల్పుగా ఉండాలి. ఒకే టెండరులో ఒకే కొలత రాసి నగరమంతటా ఒకే గుంత తవ్వించడం వల్ల రెండుచోట్లా నష్టపోతున్నాం.

ఇక మొక్క ఎందుకు చచ్చిందో తెలుసుకోవాలంటే దానిని పీకి చూడటం కంటే మంచి మార్గం లేదు. చాలామంది పీకి చూడరు, పక్కనే మరొకటి నాటుతారు. మినీ బైపాస్ రోడ్డు పక్కన ఎండిపోయిన ఒక కానుగ మొక్కను ఈ మధ్య బయటికి తీయించాను. నాటి రెండేళ్లు దాటినా, వేరు గుంతలోకి వెళ్లనే లేదు. నల్ల ప్లాస్టిక్ కవరును అడుగున మాత్రం చీల్చి, అలాగే దించేశారు. వేర్లన్నీ కవరు గోడ వెంట గుండ్రంగా తిరిగి, చిటికెన వేలు మందాన మెలికలు పడి, ఒకదాన్ని ఒకటి బిగించుకుని ఉన్నాయి. మధ్యలో ఉన్న మట్టి గడ్డ ఇటుకలా గట్టిపడి ఉంది. చుట్టూ ఎర్రమట్టి, గడ్డలో మాత్రం బూడిద రంగు ఒండ్రు. అది ఎక్కడి మట్టో నర్సరీల సంగతి తెలిసినవారు ఇట్టే చెప్పగలరు. మన మొక్కలు చాలామటుకు గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి లారీల్లో వస్తాయి. అక్కడి ఒండ్రు మట్టి అక్కడి తేమలో బాగానే ఉంటుంది. ఇక్కడి వేసవిలో ఒక్కసారి పూర్తిగా ఎండిందంటే ముడుచుకుపోయి, పైన ఎంత నీరు పోసినా పక్కల నుంచి జారిపోతుందే తప్ప లోపలికి దిగదు. ట్యాంకరు వచ్చింది, నీరు పోసింది, రిజిస్టరులో సంతకం పడింది, మొక్క మాత్రం దాహంతో చచ్చింది.

దీనికి చేయవలసిన పని చాలా చిన్నది. నాటేముందు కవరును పూర్తిగా తీసేయాలి. గడ్డ చుట్టూ నిలువుగా నాలుగుచోట్ల అంగుళం లోతున కత్తితో గీరాలి. అడుగున చుట్టుకున్న వేర్లను కత్తిరించాలి, గడ్డ పైమట్టిని కాస్త రాల్చి గుంత మట్టితో కలపాలి. ఒక్కొక్క మొక్కకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. రోజుకు ఇన్ని మొక్కలని కూలి లెక్కగట్టే కాంట్రాక్టులో ఆ రెండు నిమిషాలకు చోటు లేదు.

ఇప్పుడు ట్యాంకరు లెక్కకు వద్దాం. రోడ్డు పక్కన నాటిన మొక్కకు మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి ఇరవై లీటర్ల చొప్పున నీరు అవసరమని అనుకుందాం. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఒక్క లోడుతో 250 మొక్కలకు సరిపోతుంది. నగరం ఒక ఏడాది పది వేల మొక్కలు నాటితే ఒక్క విడతకు నలభై లోడ్లు, వారానికి ఎనభై లోడ్లు కావాలి. ఒక ట్యాంకరు నింపుకుని, ట్రాఫిక్‌లో కదులుతూ, మొక్క మొక్కకు ఆగి పోసుకుంటూ వెళ్తే రోజుకు నాలుగు లోడ్లు దాటదు. ఆరు రోజుల వారంలో ఇరవై నాలుగు లోడ్లు. అంటే మార్చి నుంచి జూన్ దాకా నాలుగు ట్యాంకర్లు మరో పని ముట్టకుండా ఈ మొక్కల కోసమే తిరగాలి. వేసవిలో తాగునీటికే ట్యాంకర్లు చాలని రోజుల్లో ఏ కమిషనరూ నాలుగింటిని చెట్లకు వదలలేరు, వదలాలని మనం అడగడం కూడా న్యాయం కాదు. చెట్లకు ఒక్క ట్యాంకరే దొరికే నగరం రెండున్నర వేల నుంచి మూడు వేల మొక్కలు నాటాలి. అంతకు మించి నాటినవన్నీ ఎండబెట్టడానికి నాటినట్లే. పైగా రెండో ఏడు నాటే మొక్కలకు మొదటి ఏడు మొక్కలు ఇంకా పోటీలో ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

అక్టోబరులో నాటితే ఈ లెక్క మన వైపు కొంత మొగ్గుతుంది. పాదు మీద మూడు, నాలుగు అంగుళాల మందాన ఎండాకు పరిస్తే మరికొంత మొగ్గుతుంది. రోజూ ఊడ్చి కుప్పపెట్టి తగలబెట్టే ఆకే అది. శుద్ధి చేసిన మురుగునీరు అందుబాటులో ఉన్నచోట తాగునీటిని ముట్టుకోవలసిన అవసరమే లేదు. సముద్రం వైపు కాలనీల్లో బోరునీరు ఉప్పదనం ఎక్కితే మాత్రం దానిని లేత మొక్కలకు పోయకూడదు. ట్యాంకరు పైపును నేరుగా మొదట్లో పెట్టి ఒత్తిడితో వదిలితే పాదు కొట్టుకుపోయి వేరు బయటపడుతుందన్న సంగతి కూడా పైపు పట్టుకునే మనిషికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ మనిషికి ఇచ్చే గంట శిక్షణ మన ప్రసంగాలన్నింటి కంటే ఎక్కువ చెట్లను బతికిస్తుంది.

ఏ చెట్టు నాటాలన్నది అందరికీ ఇష్టమైన చర్చ. 1990లో శాంటమోర్ అనే అమెరికన్ వృక్ష శాస్త్రవేత్త ఒక కొలత చెప్పారు. నగరంలోని చెట్లలో ఒకే జాతి పది శాతం, ఒకే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) ఇరవై శాతం, ఒకే కుటుంబం (దగ్గరి ప్రజాతుల గుంపు) ముప్ఫై శాతం మించకూడదని దాని సారం. ఇది శిలాశాసనం కాదు కాని, ఒకే తెగులుకు ఊరి చెట్లన్నీ పోతాయన్న ఇందులోని భయం నిజమైనదని 2021లో మనం కళ్లారా చూశాం. తెలుగు రాష్ట్రాల్లో వేప చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండుకుంటూ వచ్చి, ఊళ్లకు ఊళ్లే మాడినట్లు కనిపించాయి. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం అందుకు కారణమని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలా చెట్లు తిరిగి చిగిర్చాయి. వేప మన రాష్ట్ర వృక్షం, నాకూ ఇష్టమైన చెట్టే, అయినా ఒక వీధి పొడవునా వేపే నాటమంటే నేను ఒప్పుకోను.

కోనోకార్పస్ గురించి ఒక మాట. తూర్పు ఆఫ్రికా, యెమెన్ తీరాల నుంచి వచ్చిన ఈ మొక్క నీరు లేకపోయినా నిగనిగలాడుతూ, పశువులు ముట్టకుండా, ఏడాదిలో గోడలా పెరుగుతుంది కనుకనే డివైడర్ల మీద విరివిగా నాటారు. దాని పుప్పొడి మీద, పైపుల్లోకి దూరే వేర్ల మీద ఫిర్యాదులు వచ్చాక గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించింది. నా అభ్యంతరం ఇంకొకటి కూడా ఉంది: దాని కింద నీడలో నిలబడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు. దానిని కంచెలా కత్తిరించి పెంచుతాం గనుక నగరానికి కావలసిన ఆ ఒక్క పనీ అది చేయదు.

చోటును బట్టి చెట్టు. పైన పదకొండు కేవీ కరెంటు లైను ఉన్నవైపు పొగడ, గంగరావి, రేల వంటివి సరిపోతాయి. లైను లేనివైపు కానుగ, నేరేడు, వేప, చోటుంటే చింత. రావి, మర్రి, జువ్వి చెరువు గట్లకు, పార్కులకు, విశాలమైన కార్యాలయ ఆవరణలకు తగినవి. వాటిని మురుగు కాలువ అంచున నాటి, పదేళ్ల తర్వాత కాలువ పగలగొట్టిందని కొట్టేయడం చెట్టుకు చేసే ద్రోహం. ఉప్పుగాలి తగిలేచోట పొన్న, గంగరావి నిలుస్తాయి. ముంపు ప్రాంతాలకు ఏం నాటాలని అడిగేవారు ఒక్కసారి నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి రావాలి. జిల్లాల విభజనతో అది తిరుపతి జిల్లాలోకి వెళ్లింది కాని, మనకు పొరుగే. అక్కడ గూడబాతులు గూళ్లు కట్టుకునే కడప అనే జాతి చెట్లు నెలల తరబడి చెరువు నీళ్లలో నిలబడి బతుకుతాయి. మన లోతట్టు పార్కుల్లో వాటిని ఎందుకు ప్రయత్నించకూడదో ఆలోచించండి.

పెరిగిన చెట్టుకు శత్రువులు దాని మొదలు దగ్గరే ఉంటారు. కాలిబాటకు టైల్స్ వేసేటప్పుడు కాండానికి ఆనించి సిమెంటు పోస్తారు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తొలగించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో ఆదేశించవలసి వచ్చింది. మనకు ట్రిబ్యునల్ దాకా పోనవసరం లేదు, సీసీ రోడ్డు అంచనాలో ఒక వాక్యం చేర్చితే చాలు. భూగర్భ డ్రైనేజీకో కేబుల్‌కో కాండం పక్కనే కందకం తవ్వితే ఒక వైపు వేర్లన్నీ తెగిపోతాయి. చెట్టు ఆ రోజు పడదు, రెండేళ్ల తర్వాత తుఫానులో పడుతుంది, తప్పు తుఫాను మీదికి పోతుంది. మొక్కను కాపాడటానికి పెట్టిన ఇనుప ట్రీగార్డును ఎవరూ తీయకపోవడం వల్ల చువ్వ కాండంలోకి దిగి, బెరడు దాని మీదుగా పెదవిలా పొంగి మూసుకుపోయిన చెట్లు దర్గామిట్ట నుంచి వేదాయపాలెం దాకా నడిస్తే కనిపిస్తాయి. గార్డు మీద దాత పేరు ఇంకా స్పష్టంగా చదవవచ్చు.

తుఫాను ప్రస్తావన వచ్చింది గనుక కొమ్మల కత్తిరింపు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 2016 డిసెంబరులో వర్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు వేలాది చెట్లు కూలాయి. తురాయి, పచ్చ తురాయి వంటి పెళుసు కర్ర ఉన్న విదేశీ జాతులు అందులో ఎక్కువ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మన తీరం వెంబడే వెళ్లింది. ఏటా ఈ ప్రమాదం ఉన్న ఊళ్లో కత్తిరింపు ఆగస్టు, సెప్టెంబరులోనే ముగియాలి. ఎండు కొమ్మలు, ఒకదానితో ఒకటి రాసుకునే కొమ్మలు తీసి, గుబురులోంచి గాలి పోయేలా పలచబరచాలి. పైభాగమంతా నరికి మొండెం చేయడం కత్తిరింపు కాదు. అలా నరికినచోట పుట్టే గుత్తి చిగుళ్లు లోపలి కర్రలో పాతుకోవు, బెరడు కింద అతికినట్లు మాత్రమే ఉంటాయి, మూడేళ్లలో లావు కొమ్మలై మొదటి గాలికే విరిగి కారు మీద పడతాయి. విద్యుత్ సిబ్బంది తీగకు అడ్డం వచ్చినవైపు మాత్రమే నరకడంతో చెట్టు బరువు రోడ్డు వైపు ఒరుగుతుంది. పెద్ద కొమ్మను మూడు కోతల్లో తీయాలి: కాండానికి అడుగు దూరంలో కింది నుంచి సగం లోపు ఒక కోత, దానికి కాస్త అవతల పైనుంచి రెండోది, కొమ్మ బరువు దిగిపోయాక మొదట్లోని ఉబ్బెత్తు చుట్టును తాకకుండా మూడోది. కింది కోత వేయకపోతే కొమ్మ పడుతూ కాండం బెరడును రెండు మూడడుగులు చీల్చుకుపోతుంది. ఆ గాయం మానదు, అందులోంచే చెదలు వస్తాయి. గాయానికి తారు పూయడం పాత అలవాటు, దానివల్ల మేలు లేదని ఇప్పుడు తెలుసు.

ఇదంతా ఎవరు చూడాలి? నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు చేసిన వాల్టా చట్టం, 2002 చెట్టు కొట్టడానికి అనుమతి కావాలంటుంది, కొట్టినందుకు బదులు నాటాలంటుంది. నాటినది బతికిందో లేదో చూసే పుస్తకం మాత్రం మన దగ్గర లేదు. మహారాష్ట్ర 1975లోనే నగరాల చెట్లకు ప్రత్యేక చట్టం చేసి, వృక్ష ప్రాధికార సంస్థ, ఐదేళ్లకొకసారి చెట్ల గణన ఉండాలని నిర్దేశించింది. తెలంగాణ తన 2019 పురపాలక చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని రాసుకుంది. ఆచరణ ఎలా ఉన్నా, బతికినవాటిని లెక్కపెట్టాలన్న ఆలోచన అందులో ఉంది. మన నగరంలో 54 డివిజన్లున్నాయి, వార్డు సచివాలయాల్లో పర్యావరణం బాధ్యత గల కార్యదర్శులున్నారు. చెట్టు జాతి, చుట్టుకొలత, ఆరోగ్యం, పైన తీగ ఉందా, మొదట్లో సిమెంటు ఉందా అన్న ఐదు గడులతో ఒక రిజిస్టరు రాయడానికి కొత్త శాఖ అక్కరలేదు. నాటిన సంఖ్యను నాటిన రోజున కాకుండా మూడో వేసవి దాటాక జూలైలో ప్రకటించాలి, కాంట్రాక్టరు బిల్లులో సగం అప్పుడే చెల్లించాలి. వనమహోత్సవానికి ఇంతకంటే మంచి కార్యక్రమం నాకు తోచడం లేదు.

ముందు వరుస నుంచి ఒక చీటీ వచ్చింది: రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పెద్ద చెట్లను వేళ్లతో సహా మరోచోటికి మార్చవచ్చు కదా అని. మార్చవచ్చు. 2015 నాటి కేంద్ర హరిత రహదారుల విధానంలోనూ ఆ మాట ఉంది. రావి, మర్రి, జువ్వి ఈ మార్పును బాగా తట్టుకుంటాయి, వేప కొంతవరకు తట్టుకుంటుంది, వయసు మళ్లిన చింత, మామిడి మీద అంత ఆశ పెట్టుకోలేం. అయితే క్రేను రావడానికి కొన్ని నెలల ముందే కాండం చుట్టూ విడతలుగా కందకం తవ్వి, తెగిన వేర్ల చివర కొత్త పీచు వేర్లు పుట్టేలా తడి మట్టితో నింపి ఉంచాలి. మార్చాక రెండేళ్లు నీరు పెట్టే మనిషిని నియమించాలి. కనుక ఆ పని రోడ్డు టెండరుతోపాటే మొదలు కావాలి. చీటీ రాసినవారు ఏ రోడ్డు గురించి అడుగుతున్నారో చెబితే, అక్కడ ఏ చెట్లున్నాయో చూసి మిగతాది మాట్లాడుకుందాం.